తాడుకి ఆ చివర

ఆ ఆదివారం డూబా ఖేత్ నుంచి కావేరి ఇంటికి ఒక్కర్తే రాలేదు.

ఈ మాట ఆమె ఇంతవరకు పైకి అనలేదు. అన్నయ్యతో అనలేదు, వదినతో అనలేదు. గదిలో ఒంటరిగా ఉన్నప్పుడు కనీసం గొణుక్కోలేదు కూడా. పైకి అంటే నిజమైపోతుందని భయం. అనకపోయినా నిజమే అవుతోందని ఇప్పుడిప్పుడే తెలిసొస్తోంది.

డూబా ఖేత్ అంటే మునిగిన పొలం. సునామీ వచ్చినప్పుడు అక్కడ నేల కుంగిపోయింది. లోపలికి వచ్చిన సముద్రం మళ్ళీ వెనక్కి పోలేదు. వరి మళ్ళు, పోక తోటలు, కొన్ని ఇళ్ళు, బస్సు తిరిగే తారు రోడ్డు, అన్నీ ఉప్పునీళ్ళ కింద ఉండిపోయాయి. ఇప్పుడు అది చూడముచ్చటైన సరస్సు. ఒక పక్క ఇసుక తోలించి బీచ్ చేశారు. సముద్రం వైపు నుంచి మొసళ్ళు రాకుండా అడ్డంగా వల కట్టారు. వేసవి సెలవులొస్తే పోర్ట్ బ్లెయిర్ సగం అక్కడే ఉంటుంది. కొబ్బరి బోండాలు, మాగీ బండ్లు, స్పీకర్లలో హిందీ పాటలు, పిల్లల కేకలు. నీళ్ళ మధ్య ఇంకా నిలబడి ఉన్న కరెంటు స్తంభాల పక్కన నీళ్ళ మీద తేలే బోర్డెక్కి ఫొటో దిగడం అందరికీ సరదా.

ఆ బోర్డులు కావేరి అన్నయ్య సుభాష్‌వి. తెడ్డు పట్టుకుని, బోర్డు మీద నిలబడి నీళ్ళ మీద తిరగడం కావేరికి ఎవరూ నేర్పలేదు. ఫోన్‌లో వీడియోలు చూసి, పడి, లేచి, మళ్ళీ పడి తనే నేర్చుకుంది. ఇప్పుడు వచ్చినవాళ్ళకి తనే నేర్పుతుంది.

"మోకాళ్ళు బిగబట్టకు భయ్యా, వదులు చెయ్. పెళ్ళి ఫొటోకి నిలబడ్డట్టు నిలబడితే పడిపోతావు."

"దీదీ, మొసలొస్తే?"

"వస్తే నాకు చెప్పు. దానికీ టికెట్ కొట్టాలిగా."

ఆ రోజు పొద్దున్నంతా అలాగే నవ్వుతూనే గడిచింది. ఎండ మాడు పగలగొడుతుండగా సుష్మ వచ్చింది. సుష్మ కావేరి మేనత్త కూతురు, లంబాలైన్‌లో ఉంటుంది. ఇద్దరిదీ ఒకే వయసు, ఒకే నోరు.

"ఏమే, ఫ్రీగా తిప్పుతానన్నావు కదా? ఎన్నాళ్ళు మాటలతో తిప్పుతావు?" అంది వస్తూనే.

"నీ బరువుకి బోర్డు ఒప్పుకోవాలి కదే."

సుభాష్‌తో చెప్పి ఇద్దరూ చెరో బోర్డు తీసుకుని నీళ్ళలోకి దిగారు.

స్తంభాలు దాటేసరికి స్పీకర్ల మోత పల్చబడింది. ఇంకాస్త దూరం పోయాక అది ఎక్కడో పక్క ఊళ్ళో పెళ్ళిలా వినిపించింది. తర్వాత అదీ లేదు. తెడ్డు మునిగినప్పుడు ఒక చిన్న గుటక చప్పుడు, అంతే. ఎండిపోయిన చెట్ల మొదళ్ళు తెల్లగా, ఎముకల్లా నీళ్ళలోంచి నిలబడి ఉన్నాయి. ఒక్క పక్షి లేదు వాటి మీద. ఏదో వాసన. బురద వాసన కాదు, చేపల నీచు కాదు. కుళ్ళిన గడ్డిని ఉప్పులో ఊరేసినట్టు, గొంతులో దిగబడే వాసన.

"కిందికి చూడవే," అంది సుష్మ మెల్లగా.

నీళ్ళు తేటగా ఉన్నాయి. కింద ఒక ఇంటి గడప. గడప లోపల రుబ్బురోలు. దాని గుంటలో కదలని ఇసుక. గోడలు లేవు, కప్పు లేదు. గడప మాత్రం ఎవరో ఇప్పుడే దాటి వెళ్ళినట్టు శుభ్రంగా ఉంది.

ఇద్దరికీ ఎందుకో నవ్వు రాలేదు.

"చలో, పోదాం," అంది సుష్మ. "నా చేతులు పడిపోయాయి. నన్ను లాక్కుపో."

సుష్మ బోర్డు ముక్కుకి ఒక తాడు కట్టి, రెండో కొస తన బోర్డు వెనక ముడేసింది కావేరి. ఎదురుగాలి మొదలైంది. నిలబడితే తోసేస్తోంది. మోకాళ్ళ మీద కూర్చుని, తల దించుకుని తెడ్డు వేయడం మొదలుపెట్టింది. ఎదురుగా నీళ్ళ మీద ఎండ కళ్ళలో గుచ్చుతోంది. వెనక్కి తిరిగితే బోర్డు ఒరిగిపోయేలా ఉంది.

సముద్రంలో తాడు కట్టి లాగడం గురించి వాళ్ళ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. నాయనమ్మ అప్పలకొండమ్మ కాపురానికి శ్రీకాకుళం ఒడ్డు నుంచి ఓడెక్కి వస్తూ వెంట తెచ్చుకున్న పద్ధతి. నీళ్ళలో దొరికినదాన్ని కట్టి లాక్కొస్తే, అది దుంగ కానీ, తెగిన వల కానీ, మనిషి శవం కానీ, దారిలో దాంతో మాట్లాడకూడదు. పడవ ఇసుకకి తగలగానే, ముడి విప్పకముందే, "ఒడ్డొచ్చింది, దిగి నీ దోవన నువ్వు పో" అని చెప్పాలి. తాతయ్య ఖాళీ డబ్బాని లాక్కొచ్చినా ఆ మాట అనకుండా ముడి విప్పేవాడు కాదట. కావేరి చిన్నప్పుడు పడీ పడీ నవ్వేది.

కానీ తను లాగుతున్నది దుంగనీ శవాన్నీ కాదు కదా. సుష్మని.

కొంతదూరం వచ్చాక బోర్డు ఉన్నట్టుండి తేలికైంది. మరుక్షణంలో మళ్ళీ బరువెక్కింది. ఇందాకటికంటే ఎక్కువ బరువు.

"కదలకుండా కూర్చోవే," అంది కావేరి.

కాసేపటికి వెనక నుంచి, అలసిపోయిన గొంతు.

"ఇవాళ ఆదివారమేనా?"

"కాకపోతే నీకు సెలవెలా వచ్చిందే, మొద్దూ?"

మళ్ళీ తెడ్డు చప్పుడు. గాలి. ఆ వాసన దగ్గరైంది.

"పొయ్యి మీద పాలు పెట్టాను."

కావేరికి నవ్వు ఆగలేదు. టీ పెట్టుకోవడం రాని మనిషి సుష్మ. "నువ్వా? పొయ్యి ఏ మూలుంటుందో తెలుసా నీకు? మీ అమ్మ దింపేస్తుందిలే."

"పాప లేచి ఉంటుంది."

పాప అంటే సుభాష్ కూతురు చిట్టితల్లి. ఇంకా పాకుతోంది, పట్టుకుని నిలబడడం రాలేదు. సుష్మకి అదంటే ప్రాణం. ప్రోతరాపూర్‌లో కావేరి వాళ్ళ ఇంటికి వస్తే దాన్ని చంక దింపదు.

"లేచే ఉంటుంది. నీకోసమే చూస్తుంటుంది," అంది కావేరి. "ఇంటికి వచ్చేయ్. వదిన చేపల పులుసు పెట్టింది. తిని, పాపని ఎత్తుకుని ఎంతసేపు కూర్చుంటావో కూర్చో."

"...రానా?"

"రమ్మంటున్నాగా. బొట్టు పెట్టి పిలవాలా?"

కావేరి మరో నాలుగుసార్లు తెడ్డు వేసింది. తర్వాత, మెడ వెనక చెమట మీద చల్లగా తగిలేంత దగ్గరగా...

"ఇల్లు ఎటో మర్చిపోయాను."

"ఇదేం సరసమే? నా వెనకాలే రా," అని తల ఎత్తింది కావేరి.

ఒడ్డు కనిపిస్తోంది. బోండాల బండి దగ్గర, గొడుగు నీడలో, మోకాళ్ళ దాకా తడిసిన ప్యాంటుతో సుష్మ నిలబడి ఉంది. ఒక చేత్తో బోండాం పట్టుకుని, రెండో చెయ్యి ఊపుతోంది.

కావేరి చేతిలో తెడ్డు ఆగిపోయింది.

వెనక తాడు బిగుసుకునే ఉంది.

వెనక్కి చూడలేదు. చూడాలనిపించలేదు. చూస్తే ఏమవుతుందో తెలియదు కానీ, చూడకూడదని మాత్రం ఒళ్ళంతా చెప్పింది. తెడ్డు వేసింది. ఒకటే వేయడం. వెనక ఎవరో ఊపిరి తీస్తున్నారు. తీసిన ప్రతిసారీ ఆ ఊపిరిలో నీళ్ళు గలగలమంటున్నాయి. బోర్డు ఇసుకకి తగిలింది. నాయనమ్మ మాట నాలుక చివర దాకా వచ్చింది. ఒడ్డొచ్చింది, దిగి... అంతవరకే వచ్చింది. చుట్టూ జనం, పిల్లలు, పాటలు. కావేరి ఎగిరి దూకి ఇసుక మీదికి పరుగెత్తింది.

అక్కడి నుంచి చూసింది. రెండో బోర్డు ఖాళీగా ఉంది. అల లేదు, ఎవరూ ముట్టుకోలేదు. దాని వెనక భాగం నీళ్ళలోంచి ఒక్కసారి పైకి లేచి, ఊగి, నిలబడింది. ఎవరో దిగితే లేచినట్టు.

"ఎవరితోనే ఆ కబుర్లు? ఖాళీ బోర్డుతోనా?" సుష్మ నవ్వుతోంది. "కాలు తిమ్మిరెక్కింది, మునిగిన రోడ్డు మీద దిగి నడిచొస్తానని చెప్పాను కదా. ఊఁ అన్నావు కూడా."

కావేరి ఊఁ అనలేదు. ఆ సంగతి సుష్మకి చెప్పలేదు.

ఎండదెబ్బ తగిలి ఉంటుందని సుభాష్ పెందలాడే ఇంటికి పంపించాడు. సుష్మ ఇంట్లో పని ఉందని లంబాలైన్ వెళ్ళిపోయింది. ప్రోతరాపూర్ బస్సు కిక్కిరిసి ఉంది, నిలబడడానికి చోటు లేదు. కానీ కావేరి పక్క సీటులో ఎవరూ కూర్చోలేదు. ఒకావిడ కూర్చోబోయి, చెయ్యి ఆనించి, చటుక్కున లేచింది.

"గీలా హై," అంది చీర కొంగుకి చెయ్యి తుడుచుకుంటూ. తడిగా ఉందట.

ఇంట్లో కరెంటు లేదు. వదిన చిన్నమ్మి వంటింట్లో గిన్నెలు తోముతోంది. ముందు గదిలో, దూలానికి కట్టిన చీర ఉయ్యాల మెల్లగా ఊగుతోంది.

"వచ్చావా? నువ్వు ఊపబట్టి పడుకుంది. ఇందాకటి నుంచి ఒకటే ఏడుపు," అంది చిన్నమ్మి లోపల్నుంచి.

కావేరి ఇంకా చెప్పులు విప్పలేదు. ఉయ్యాల దగ్గరికి వెళ్ళింది. చిట్టితల్లి నిద్రపోవడం లేదు. కళ్ళు విప్పి, కావేరి భుజం పక్కగా, కొంచెం పైకి చూస్తోంది. బోసినోటితో నవ్వుతోంది. కావేరి వంగి నుదురు ముద్దు పెట్టుకుంది.

ఉప్పగా ఉంది.

చెమట ఉప్పు కాదు. సముద్రంలో మునిగినప్పుడు నోట్లోకి పోయే ఉప్పు.

ఆ రోజు నుంచి చిట్టితల్లి ఏడవడం మానేసింది. ఆకలికి ఏడవదు, నిద్రకి ఏడవదు. "బంగారు తల్లి, బుద్ధొచ్చింది," అని మురిసిపోయింది చిన్నమ్మి. పొద్దున్న లేచేసరికి పాప జుట్టు తడిసి నుదుటికి అంటుకుని ఉండేది. ఉక్కపోత అన్నాడు సుభాష్. పక్కబట్టలు ఎన్నిసార్లు ఉతికినా అదే వాసన వచ్చేది. ఉప్పులో ఊరిన గడ్డి. వాన ముందు ఇల్లంతా ఇంతే అంది చిన్నమ్మి.

తర్వాత పాలు మానేసింది.

"రొమ్ము పెడితే మొహం తిప్పేసుకుంటోంది కావేరీ," అంది వదిన ఒకరోజు. మొదటిసారి ఆమె గొంతులో భయం వినిపించింది. "సీసా పట్టినా అంతే. కడుపు నిండినదానిలా తోసేస్తోంది. డాక్టరమ్మ బరువు చూసింది. తగ్గలేదంట, పెరిగిందంట. పళ్ళొస్తున్నాయేమో, కంగారు పడకు అంది. తాగకుండా ఎలా పెరుగుతాదే?"

కావేరి పాప నోటి దగ్గర మొహం పెట్టి చూసింది. పాల వాసన వస్తోంది. పాల వాసన కింద, పల్చగా, ఆ రెండో వాసన.

అప్పుడు చెప్పాలనుకుంది. ఏమని చెప్తుంది? నీ పాప వాళ్ళకోసమే చూస్తోందని ఎవరికో చెప్పాను వదినా. ఎత్తుకుని ఎంతసేపైనా కూర్చోమన్నాను వదినా. నా వెనకాలే రమ్మన్నాను. ఈ మాట విన్నాక చిన్నమ్మి పాపని తన చేతికి మళ్ళీ ఇస్తుందా? తన మొహం చూస్తుందా?

చెప్పలేదు. డిగ్నాబాద్‌లో బాబాయి ఇంట్లో ఉంటున్న నాయనమ్మ దగ్గరికి వెళ్ళింది.

"నాయనమ్మా, లాక్కొచ్చినదానికి దిగమని చెప్పకపోతే ఏమవుద్ది?"

అప్పలకొండమ్మ చేపల తల తీస్తున్న కత్తి ఆపలేదు. "ఏటవుద్ది? నాలుగు రోజులు ఒడ్డు కాడ తిరుగుద్ది. దానంతట అదే పోద్ది."

"మరి... రమ్మని పిలిస్తే?"

కత్తి ఆగింది.

"ఎవులు పిలుత్తారే అలాగ? మతి ఉన్నోళ్ళు పిలుత్తారా?" ముసలామె మొహంలోకి చూసింది. "పిలిసినోళ్ళే పొమ్మనాల. ఆ నోటితోనే. ఇంకోళ్ళు సెబితే ఇనదు. అది పిల్లో గొడ్డో దేన్నన్నా మరిగేలోపే సెప్పాల. మరిగిందంటే ఒక్కతీ పోదు." ఆగి, "ఏటి గుంటా, ఎవులు పిలిసేరు?"

"ఎవరూ లేదు. ఫోన్‌లో ఏదో కథ విన్నా," అంది కావేరి.

మర్నాడు మధ్యాహ్నం లంబాలైన్‌లో ఎవరిదో సీమంతం. పాపని కావేరికి అప్పజెప్పి చిన్నమ్మి బయల్దేరింది. "గంటలో వచ్చేస్తా. లేస్తే కాస్త పాలు పట్టి చూడు. నీ చేత్తోనన్నా తాగుద్దేమో."

సుభాష్ బీచ్‌కి పోయాడు. వీధిలో ఎండ తెల్లగా కాస్తోంది. పక్కింట్లో టీవీ మోగుతోంది. భయపడడానికి ఏమీ లేని మధ్యాహ్నం. కావేరి వీధి తలుపు బార్లా తీసి, ఉయ్యాల పక్కన కింద కూర్చుంది. ఇవాళ చెప్పేయాలి. ఎవరూ లేరు, సిగ్గుపడక్కర్లేదు.

కరెంటు పోయింది. పక్కింటి టీవీ ఆగిపోయింది.

ఫ్యాను రెక్కలు తిరిగి తిరిగి ఆగాయి. ఉయ్యాల ఆగలేదు.

తను ముట్టుకోలేదు. చీర మడత ఒక పక్క కొద్దిగా లోపలికి నొక్కుకుని ఉంది. ఎవరో అరచెయ్యి ఆనించి ఊపుతున్నట్టు. అటు... ఇటు... దూలానికి తాడు ఒరుసుకుంటూ కిర్రుమంటోంది. గచ్చు మీద, ఉయ్యాలకి అవతల, తడి. ఆ తడి మెల్లగా పెద్దదవుతోంది.

కావేరి నోరు తెరిచింది. కళ్ళు గట్టిగా మూసుకుంది.

"ఒడ్డొచ్చింది," అంది. అది తన గొంతులా లేదు. "ఒడ్డొచ్చింది... దిగి... నీ దోవన నువ్వు పో."

ఉయ్యాల ఆగింది.

గదిలో గాలి కదల్లేదు. పోయిందేమో... పోయే ఉంటుంది...

చెవి పక్కన, అదే అలసిన గొంతు. కోపం లేదు అందులో. బతిమాలుకోవడం కూడా లేదు. తెలిసిన సంగతి గుర్తుచేస్తున్నట్టు గుసగుసగా...

"దిగాను కదా."

కావేరి పాపని ఉయ్యాలలోంచి లాక్కుని వీధిలోకి పరుగెత్తింది. ముళ్ళు గుచ్చుకున్నాయో రాళ్ళు గుచ్చుకున్నాయో తెలియలేదు. గేటు దగ్గర, నడి ఎండలో ఆగింది. ఒగర్చింది. ఎదురింటి దండెం మీద ఆరేసిన బట్టలు, దూరంగా బస్సు హారన్, అన్నీ ఎప్పటిలాగే ఉన్నాయి. చిట్టితల్లి ఏడవలేదు. కావేరి మోచేతి మీద దాని పాదాలు చల్లగా తగిలాయి. చూసింది. అరికాళ్ళు తెల్లగా పాలిపోయి, ముడతలు ముడతలుగా ఉన్నాయి. చాలాసేపు నీళ్ళలో నానిన కాళ్ళు.

చిన్నమ్మి వెళ్ళిన దగ్గర్నుంచి పాపని ఎవరూ ఉయ్యాల దింపలేదు.

ఇక దాచి లాభం లేదు. వదిన తిట్టనీ, కొట్టనీ, జన్మలో మొహం చూడకపోనీ. పాపకి ఏమవుతోందో కన్నతల్లికి తెలియాలి. అన్నీ చెప్పేయాలి. మొదటి మాట నుంచీ, నేను పిలిచాను వదినా అన్న దగ్గర్నుంచీ. జేబులో ఫోన్ కోసం ఒక చెయ్యి తీసింది.

చిట్టితల్లి ఆమె భుజం మీదుగా ఇంటి గుమ్మం వైపు చూసింది. బోసినోటితో నవ్వింది. రెండు చేతులూ చాచింది, ఎత్తుకోమన్నట్టు.

చంకలో పాప బరువు మెల్లగా తగ్గసాగింది. అటువైపు నుంచి ఎవరో చేతులు వేసి అందుకుంటున్నట్టు.

కావేరి పాపని గుండెకి అదుముకుంది. వెనక్కి తిరగలేదు. బొటనవేలితో ఫోన్‌లో చిన్నమ్మి పేరు వెతకడం మొదలుపెట్టింది.